బెర్టింగ్ ఆఖరి బాస్కెట్

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో ఊళ్లో ఒక మంగలి దుకాణం. బాస్కెట్‌బాల్ ఆటగాడు బెర్టింగ్ ఆడిన ఆటల్లో ఏది గొప్పదని మంగలికీ, కుర్చీలో కూర్చున్న పెద్దాయనకీ వాదన నడుస్తోంది.

“సెబూ జట్టు మీద యాభై ఎనిమిది పాయింట్లు కొట్టాడే, అదే అన్నా! ఫైనల్లో ఏముంది, ఆఖర్న ఒక్క బాస్కెట్టేగా!”

“ఆ ఫైనల్ రోజు వాడికి ఎడమ కన్ను కనపడలేదురా.”

మంగలి చేతిలో కత్తెర ఆగిపోయింది.

“ఊరుకో అన్నా! ఎవరు చెప్పారు నీకు?”

“వాడే. కోచ్‌కి తెలిస్తే ఆడనివ్వక పక్కన కూర్చోబెడతాడని, బంతి అందించే నాకొక్కడికే చెప్పాడు. ఆటంతా కుడివైపు నుంచే అందించాను.”

“నువ్వు... ఆ జట్టులో ఆడావా!”

“ఆడాను. ఆఖర్న కుడివైపు దారి మూసేశారు. గత్యంతరం లేక ఎడమవైపు నుంచి విసిరి, వాడి పేరు పెట్టి అరిచాను.”

“ఓరి దేవుడో! మరెలా పట్టాడు?”

“అరుపు వినపడ్డ వైపు చేతులు చాచాడు. అరచేతికి తగిలాకే తెలిసిందట, బంతి వచ్చిందని.”