గంట సాలదు

హన్మకొండ చౌరస్తా కాడ మజర్ నడిపే విమానం టికెట్ల దుకాణం. తొర్రూరు నుంచి పొద్దుగాల బస్సుకే వచ్చిన యాకమ్మ కుర్చీ అంచున కూసున్నది.

“గంటేనా కొడుకా?”

“గంట కూడ గాదు పెద్దమ్మా. బెజవాడ నుంచి వైజాగు మూడొందల కిలోమీటర్ల లోపే. ఎక్కినట్టుంటది, దిగినట్టుంటది.”

“జర మెల్లగ వొయ్యే విమానం లేదా?”

“మెల్లగనా? విమానమా?”

“నవ్వకు. నువ్వు నవ్వితె నాకూ నవ్వొస్తది.”

“అందరు జల్ది పోయేదే అడుగుతరు పెద్దమ్మా. తీరుబాటుగ పోవాల్నంటె ట్రైనున్నది. ఆరు గంటలు.”

“ట్రైను వద్దు. దిగుతడు.”

“ఎవరు?”

“మా ఆయినె. పోయినేడు ఖమ్మం పోతాంటె, వరంగల్ల ట్రైనెక్కినంక ముచ్చట మొదలువెట్టిన. నెక్కొండల చాయ తాగొస్తనని దిగిండు. దిగి, బస్సెక్కి ఇంటికి వోయిండు. నేనొక్కదాన్నే ఖమ్మం పోయిన.”

“యా అల్లా! ఏం ముచ్చట పెద్దమ్మా అది?”

“ఉన్నదిలే ఒకటి. విమానంల నడుమ దిగనియ్యరు గదా?”

“దిగనియ్యరు.”

“బెల్టు గడ్తరట గదా?”

“కడ్తరు. గని జరసేపే.”

“జరసేపేనా? ఆయినెకు దిగేదాక కట్టి ఉంచుమని చెప్పరాదు?”

“నేనెవరికి చెప్పాలె పెద్దమ్మా! అసలేం జెప్తవ్ ఆయినెకు?”

“మా మరిది రాజమల్లు వైజాగుల ఉంటడు. బాయి కాడి మోటరు మీద అన్నదమ్ములకు లొల్లయింది. ఇరవై ఏండ్లాయె. తమ్ముని పేరెత్తితె చాలు, ఈయినె తువ్వాల దులిపి లేస్తడు. ఇప్పుడు మరిది బిడ్డ పెండ్లి. ‘వదినా, అన్న రాకుంటె నేను పీటల మీద కూసోను’ అని ఫోన్ల ఏడ్శిండు. తోల్కొస్తనని మాటిచ్చిన.”

“పెదనాయినకు చెప్పకుండనే?”

“బెజవాడల మా బిడ్డ తానికి పోదామంట. ఆన్నుంచి సముద్రం జూద్దామని విమానం ఎక్కిస్త. పైకి వోయినంక అసలు ముచ్చట తీస్త. ఇరవై ఏండ్ల కోపం, గంటల కరుగుతదా? సాలదు కొడుకా.”

“ఉన్నదే గంట. మాటలే జల్ది జల్ది మాట్లాడు.”

“నిన్నటి సంది అదే నేర్సుకుంటాన! బర్రె ముందట నిలవడి చెప్పి సూసిన. అదైతె మొత్తం విన్నది.”

“అయ్యో పెద్దమ్మా, నవ్వలేక సస్తాన! పేర్లు చెప్పు, ఎక్కిస్త.”

“యాకమ్మ. మొగిలయ్య.”

“మొగిలయ్య... తొర్రూరు మొగిలయ్యనా? ఎర్ర తువ్వాల?”

“ఎర్రదే. నీకెట్ల ఎరుక?”

“ఏం లేదు... ఏం లేదు.”

“ఏందిరా? మొకం అట్ల పెట్టినవ్?”

“చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు పెద్దమ్మా.”

“చెప్తవా, నీ కంప్యూటర్ మీద చాయ వొయ్యాల్నా?”

“నిన్న వచ్చిండు. వైజాగుకు రెండు టికెట్లు తీసిండు, నీకూ ఆయినెకూ. ‘మా తమ్ముని బిడ్డ పెండ్లట. ట్రైను వద్దు బిడ్డా, ఆరు గంటలు నేను ఆగలేను’ అని గీ కుర్చీలనే కూసోని ఏడ్శిండు.”