జ్యోతిర్మయి జడ

అంతర్వేది గుడి దగ్గర తలనీలాలు తీసే హాలు. వరసలో బడిపంతులు త్రిమూర్తులు, ఆయన తల్లి కనకరత్నం, ఆయన దగ్గరే నాలుగో తరగతి చదువుతున్న కూతురు జ్యోతిర్మయి.

“ఒరేయ్ త్రిమూర్తులూ, ఇన్నేళ్ళ నించీ నన్ను తొలిచేస్తున్న అనుమానంరా ఇది. మొక్కేది ఒకరూ, జుట్టిచ్చేది ఇంకొకరూ అయితే స్వామి ఎవరి మొక్కు కింద వేసుకుంటాడంటావ్?”

“టికెట్టు తీసేక అనుమానాలేంటమ్మా? జ్యోతీ, రిబ్బను విప్పు.”

“విప్పనండి.”

“ఏం?”

“నన్ను అడగలేదు కదండీ నాన్నగారూ.”

“నిన్ను అడిగేదేంటే?”

“పిల్లల విషయంలో పిల్లల్ని అడగాలి, వాళ్ళు చెప్పింది వినాలి, అది వాళ్ళ హక్కు. మొన్న మీరే చెప్పేరండి. అందరిచేతా గట్టిగా అనిపించేరు కూడా.”

“అది క్లాసులో.”

“ఇంటికెళ్ళి అమ్మానాన్నలకి చెప్పండి అన్నారు కదండీ. దుర్గాసాయి చెప్తే వాళ్ళ నాన్నగారు తిట్టేరు. మీరు వాళ్ళింటికి వెళ్ళి మరీ ఆయనకి నచ్చజెప్పేరు.”

“ఆయ్, వెళ్ళేడే! ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళేడు.”

“అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో. సరే తల్లీ, అడుగుతున్నాను. స్వామికి జుట్టివ్వడం నీకు ఇష్టమేనా?”

“ఇష్టం లేదండి.”

“చూసేవా, అడిగేను. విన్నాను. ఇంక పద, కూర్చో.”

“నాన్నగారూ!”

“ఏడవకు, అందరూ చూస్తున్నారు. చంటిపిల్లప్పుడు జ్వరంతో నీ ఒళ్ళు కాలిపోతుంటే మొక్కుకున్నానే. ప్రాణం కంటే జడ ఎక్కువా?”

“నా జ్వరానికేనా మామ్మా?”

“నన్నడక్కే.”

“మామ్మా...”

“గుడి దగ్గర నాచేత అబద్ధం ఆడించకే తల్లీ. నీ జ్వరం డాక్టరుగారి మందుకే తగ్గిపోయింది.”

“అమ్మా!”

“నువ్వు మొక్కింది బదిలీకి కాదట్రా? అల్లవరం నించి రాజోలు వేస్తే పిల్ల తలనీలాలిస్తానన్నావ్. వేసేక మర్చిపోయేవ్. మళ్ళీ బదిలీలంటున్నారు కదా, ఇప్పుడు గుర్తొచ్చేడు స్వామి.”

“అదీ దీని కోసమేనమ్మా! ఇంటికి దగ్గరైతే పిల్లని చూసుకోవచ్చని...”

“అయితే మీ జుట్టే మొక్కుకోవచ్చు కదండీ?”

“గుండుతో బళ్ళో పాఠం ఏం చెప్తానే? పిల్లలు నవ్వరూ?”

“అదే బడికి కదండీ నేనూ వెళ్ళేది. నన్ను చూసి నవ్వరాండీ?”

“వరస కదులుతోంది, ముందుకి నడవండి.”

“ఏంరా, మాట మారుస్తావ్? తండ్రి మాట కాదన్న పిల్లాడి కోసం స్తంభం చీల్చుకుని వచ్చిన స్వామిరా ఈయన. పిల్లని ఏడిపించి లోపలికెళ్ళి ఏమని దణ్ణం పెడతావ్?”

“తర్వాత ఎవరండీ? పాపేనాండీ? కూర్చోబెట్టండి మాస్టారూ, కత్తికి కొత్త బ్లేడు వేసేను. వెనకాల చాలామంది ఉన్నారండి.”

“ఒక్క నిమిషం బాబూ. అమ్మా, ఈ చొక్కా పట్టుకో. కళ్ళజోడు కూడా.”

“ఒరేయ్, నువ్వా? మొక్కింది దాని జుట్టు కదరా!”

“మొక్కిన నోరు నాదే కదమ్మా. జ్యోతీ, రిబ్బను కట్టుకో.”

“తల వంచండి మాస్టారూ. మీసం కూడా తీసెయ్యమంటారాండీ?”

“మీసమా? మీసం... అది పాతికేళ్ళ నించీ...”

“నాన్నగారూ, మీకు ఇష్టమేనాండీ?”

“ఇష్టం లేదే తల్లీ. తియ్యండి బాబూ, మీసం కూడా.”