చల్లారితే బతికే కారు

ఉత్తర ఫిన్లాండ్‌లో జూన్ మధ్యాహ్నం. సరస్సుకి దక్షిణపు ఒడ్డున ఒక ఇంటి వాకిట్లో బానెట్ ఎత్తిన పాత కారు. స్టీరింగ్ ముందు హిల్కా, ఇంజన్ మీదకి వంగి మెకానిక్ టర్మో.

"ఇంకోసారి తిప్పు వదినా."

"తిప్పుతున్నాగా! వినపడట్లేదా?"

"సెల్ఫ్ బానే కొడుతోంది. స్టార్ట్ అవ్వట్లేదు, అంతే. చాలు, ఆపు. బ్యాటరీ పోతుంది."

"అంతే అంటే? ఆ అంతే ఏంటో చూడమనేగా పిలిచింది. ఇలా కాకముందే, బండి ఒకసారి చూసిపొమ్మని మూడుసార్లు ఫోన్ చేశాను నీకు. మార్చిలో ఒకసారి, మొన్న మేలో రెండుసార్లు. ఏం, మా ఆయన ఐమో పోయాడని ఈ ఇంటి దారి కూడా మర్చిపోయావా?"

"పనులు వదినా. చలికాలం అందరి కార్లూ మొరాయిస్తాయి."

"జూన్ వచ్చింది టర్మో."

"...పెట్రోలు ఉందా?"

"సగం ట్యాంకు ఉంది. నేను ఆడదాన్నే గానీ ముల్లు చూడ్డం వచ్చు."

"అడగాలి కదా. పంపు మోగుతోంది, కాబట్టి పెట్రోలు వస్తోంది. ప్లగ్గు విప్పాను, ఇదిగో. ఇప్పుడు తిప్పు, ఒక్క క్షణం... చూడు, నిప్పురవ్వ లేదు. కరెంటు రావట్లేదు."

"ఎందుకు రావట్లేదు?"

"చాలా ఉంటాయి. ఎప్పట్నించి ఇలా?"

"పోయిన వారం కొట్టు దగ్గర మొదటిసారి. ఎంత తిప్పినా రాలేదు. లోపలికెళ్ళి కాఫీ తాగొచ్చాను, ఒక్క తిప్పుకి స్టార్టయింది. అప్పుడు తట్టింది నాకు. అందుకే ఇవాళ నువ్వొస్తానన్నాక బయల్దేరి, ఇక్కణ్ణించి సరస్సు అవతలి రేవుదాకా పోయాను. ఐమో జనవరిలో, ఆ శనివారం, ఈ కారులోనే పోయిన దారే. మళ్ళీ ఇంటికొచ్చి ఇంజన్ ఆపాను. పది నిమిషాలు గడియారం చూసుకుంటూ కూచున్నాను."

"పది నిమిషాలెందుకు?"

"రేవులో మంచుగడ్డ కింద వేసిన వలలు చూసుకుని రావడానికి ఆయనకి పట్టేది అంతే."

"ఆ నీళ్ళ బాటిల్ ఇలా ఇవ్వు."

"తాగడానికా?"

"కాదు, దీని మీద పోయడానికి. ఇక్కడ కింద ఒక సెన్సార్ ఉంటుంది. ఇంజన్ తిరుగుతోందని అదే చెప్పాలి. అది చెప్పకపోతే ప్లగ్గులకి కరెంటు పోదు. పాతబడితే ఒక్కోటి వేడికి చచ్చిపోతుంది, చల్లారితే బతుకుతుంది. బండి ఆపాక కాసేపు లోపల వేడి ఇంకా పెరుగుతుంది కదా... ఆగు, ప్లగ్గు బిగించనీ. ఆఁ, ఇప్పుడు తిప్పు."

"అయ్యింది! టర్మో, స్టార్టయ్యింది!"

"ఆపు వదినా. విన్నాను."

"అంటే ఆ రోజూ ఇదే. చెప్పు, ఇదేనా కాదా?"

"అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చు కాదు. శుక్రవారం సాతు వస్తోంది. ఐదు నెలలుగా నా కూతురు ఏమంటోందో తెలుసా? నాన్న మనల్ని వదిలేసి పోయాడు, కావాలనే పోయాడు అంటోంది. అంత్యక్రియలకి వచ్చింది గానీ ఒక్క పువ్వు పెట్టలేదు. తప్పు దానిది కాదులే. మర్నాడు పొద్దున మరిది వెసా పోయి తాళం తిప్పితే ఒక్క తిప్పుకే స్టార్టయింది కదా. బాగున్న కారు రేవులో పెట్టి, మైనస్ ముప్పై డిగ్రీల చలిలో ఎవడు దిగి నడుస్తాడు? ఊరంతా అదే అంది, నా మొహం మీద తప్ప."

"రాత్రంతా చల్లారింది. అందుకే వెసాకి స్టార్టయింది."

"ఆ మాట సాతుకి చెప్పు. నేను చెబితే ఏడుపులో అంటున్నాననుకుంటుంది. నువ్వు మెకానిక్‌వి, ఆయన స్నేహితుడివి. కారు చెడిపోయింది, మీ నాన్న సాయం కోసం దిగాడు అని చెప్పు. ఒక్కసారి చెప్పు చాలు."

"చెబుతాను."

"నా వైపు చూసి చెప్పు."

"చెబుతానన్నాను కదా వదినా."

"చెప్పగానే అది ఏమడుగుతుందో తెలుసా? సాయం కోసమైతే ఇంటివైపు రావాలి కదా, ఉత్తరానికెందుకు పోయాడు అంటుంది. మంచు కరిగాక ఆయన దొరికింది అటే కదా. ఇంటికి వీపు పెట్టి. దానికేం చెబుతావ్?"

"మంచు తుఫాను... దారి తప్పాడని."

"ఎవరు, ఐమోనా? నలభై ఏళ్ళు ఆ సరస్సు మీద వలలేసినవాడు? పైగా తుఫాను మొదలైంది చీకటి పడ్డాక. ఆయన పోయింది మధ్యాహ్నం."

"వదినా..."

"అటు ఏముంది చెప్పు. వేసవి గుడిసెలు నాలుగు. చలికాలం అన్నిటికీ తాళాలే."

"అన్నిటికీ కాదు."

"ఏంటి?"

"ఆ శనివారం నా గుడిసెకి తాళం లేదు. నేనున్నాను."

"నువ్వు ఊళ్ళో ఉన్నానన్నావ్ పోలీసులతో."

"అన్నాను. తాగుడు మానేశానని అందరికీ చెప్పుకున్నవాణ్ణి కదా. రెండేళ్ళయింది, చర్చిలో చప్పట్లు కూడా కొట్టారు. శనివారాలు అక్కడ సౌనా గది వేడి చేసుకుని, ఆవిరిలో కూచుని ఒక్కణ్ణే తాగేవాణ్ణి. మా ఆవిడకి తెలీదు. ఐమోకి ఒక్కడికే తెలుసు. తిట్టేవాడు గానీ ఎవరికీ చెప్పలేదు."

"నాకు కూడా చెప్పలేదు."

"చెప్పడు."

"తర్వాత?"

"ఫోన్ మోగింది. కోటు జేబులో, గోడకి అవతల. విన్నాను. ఆవిరి బాగుంది, తల తిరుగుతోంది. మోగి మోగి అదే ఆగుతుందిలే అనుకున్నాను. ఆగింది."

"ఎవరు చేశారు?"

"మర్నాడు పొద్దున లేచి చూశాను. అప్పటికే వెసా కారు ఇంటికి తెచ్చేశాడు, మీరంతా వెతుకుతున్నారు."

"మూడు రోజులు వెతికాం. ఇటువైపే. నువ్వు కూడా నా పక్కనే నడిచావ్ టర్మో! నా చేతికి కాఫీ ఫ్లాస్కు అందించావ్!"

"పగలు ఇటు నడిచాను. మీరు ఇళ్ళకి పోయాక అటు పోయి ఒక్కణ్ణే తవ్వాను. నడుం లోతు మంచు, ఆ చలిలో అందులో ఎవడైనా ఎంత దూరం నడవగలడు. వాణ్ణి నేనే ముందు చూడాలి, చూశాక అందరికీ చెబుదాం అనుకున్నాను. దొరకలేదు. తర్వాత ఒక్కో రోజూ గడిచేకొద్దీ చెప్పడం..."

"మే దాకా. మే దాకా ఆయన్ని అక్కడే..."

"అవును."

"పోలీసులు అడగలేదా?"

"అడిగారు. ఫోన్ చేశాడు గానీ మేం మాట్లాడుకోలేదన్నాను. అబద్ధం కాదుగా అనుకున్నాను."

"మాట్లాడకపోతే ఇంక నీకేం తెలుసు? ఏం తెలుసని ఇదంతా చెబుతున్నావ్?"

"నేను ఎత్తకపోతే వాడు ఫోన్లో మాట రికార్డు చేసి పెట్టాడు. ఉంచాను. చెరిపేద్దామని ఎన్నోసార్లు తీశాను. కూర్చో వదినా, వినిపిస్తాను."

"నిలబడే వింటాను. పెట్టు."

"సాతుకి కూడా నేనే వినిపిస్తాను. ఆ తర్వాత పోలీసుల దగ్గరికి—"

"పెట్టమన్నాను!"

"టర్మో, నేనురా ఐమోని. బండి సెల్ఫ్ కొడుతోంది గానీ స్టార్ట్ అవ్వట్లేదు. ఇంటికి నడవాలంటే చాలా దూరం, హిల్కాకి చెబితే ఊరికే కంగారు పడుతుంది. నీ సౌనా పొగ ఇక్కడికి కనిపిస్తోందిలే దొంగవెధవా. తలుపు గడియ పెట్టకు, నీ దగ్గరికే వస్తున్నా."