తలమీది మట్టి

మద్దిలేటని ఒగడు మా ఊరికొచ్చినాడంట, పెద్దకరువు పోయినంక. ముసిలోళ్లంతా కరువులోనే పోయినారు, మిగిలింది సుంకులమ్మ ఒగతే అనుకో. ఆయమ్మ మొగుడు మా ఊరి పొలిమేర పెద్ద. పొలిమేర పెద్దంటే ఏందనుకున్నారు? పక్కూరోళ్లతో గెట్టు తగాదా వస్తే తలమీద మట్టి పెట్టుకోని నడిచేటోడు. ఆయన నడిచిందే హద్దు. ఆయమ్మ కొడుకు చిన్నప్పుడే బండ్లోళ్లెంట పోయి మళ్ల రాల్యా. ఈ మద్దిలేటి వచ్చి, నేనేమ్మా నీ కొడుకును, అన్నాడంట. ఆయమ్మ సూసింది, సూసి, కాళ్లు కడుక్కో నాయనా, తిందువు, అనింది. అంతే! ఊరోళ్లు ఇంగ ఆగుతారా? పొలిమేర పెద్ద కొడుకని పెండ్లైనా పంచాయితీ అయినా మొదటి తాంబూలం వానికే. వాడూ మీసం దువ్వుకోని కూసున్న్యాడు. ఊరికే వచ్చే పెద్దరికం ఎవరికి చేదు?

ఇట్లుండగా ఏమైందంటే, పక్కూరోళ్లు మా బీడుమీదికొచ్చిరి. గొడ్లు మేసే బీడు, అది పోతే బిడ్డలకు పాలసుక్క ఉండదు. మీ పెద్దను మట్టి మొయ్యమనండి, యాడ నడిస్తే ఆడ హద్దు, అన్నారంట. మావోళ్లు వాని తలమీద తడిమట్టి పెట్టిరి. రెండూర్ల జనం గుమిగూడిరి. వాడు అడుగు ఎత్తినాడు, ఎత్తిన అడుగు దించలేకపోయినాడు. ఎందుకంటే, అబద్ధం నడక నడిస్తే ఏ ఇంటిపేరు చెప్పి నడిచినాడో ఆ ఇల్లు నాశనమంట. వాని ఇల్లు కాదు గదా, ఆయమ్మది! అన్నం పెట్టిన ఇల్లది. ఆయమ్మ దిక్కు సూసినాడు. మట్టి దించేసి, నేను ఈ ఇంటి కొడుకును కాదు, ఆకలికి అబద్ధమాడితి, ఈ గెట్టు నాకు తెలీదు, అని బోరున ఏడ్చినాడంట.

బీడు పోయింది. మావోళ్లు కట్టెలు తీసుకోని వాని మీదికి పోతే, సుంకులమ్మ అడ్డమొచ్చి, వచ్చిన దినమే తెలుసు నాకు, అనింది. తెలిసీ ఎందుకు చెప్పల్యా అవ్వా, అంటే, 'ఆకలితో వచ్చి అమ్మా అనె. నేను అన్నం పెడితిని. పెద్దరికం నేను పెట్టల్యా, మీరు పెడితిరి. పెట్టేముందు గెట్టు యాడని ఒగడన్నా అడిగినారా వాన్ని?' అనిందంట. ఎత్తిన కట్టెలు ఆడనే పడేసి ఎవరింటికి వాళ్లు పోయిరి.

వాడు ఊర్లోనే ఉండి, ఆయమ్మ పోయిననాడు వాడే కొరివి పెట్టినాడంట. అప్పట్నుంచి మా ఊర్లో ఎవరికైనా మొదటి తాంబూలమిచ్చేముందు తలమీద మట్టిపెళ్ల పెట్టేటోళ్లు. ఇప్పుడు పెడతల్యారా అంటారా? ఇప్పుడు పెద్దలు ఎక్కువైరి. అందరి తలకాయలకూ పెట్టాలంటే బీడంతా తవ్వాల. ఆ బీడు ఎప్పుడో పోయె గదా.