ఆఫీసు కారు

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో గురునాథరావు కార్ల షెడ్డు. లిఫ్టు మీద తెల్ల క్రాసోవర్ కారు, దాని కింద గురునాథరావు. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో శ్రీసత్య. ఆమెకి వంశీతో పెళ్లై నాలుగు నెలలు.

“వంశీ బాబుతో నాను మాటాడతాన్లే అమ్మా. ఈ మసిలోకి నువ్వెందుకొచ్చావ్?”

“ఆయనకి తెలీకుండా వచ్చాను బాబాయ్. మొన్న మీకు బండి అప్పగించి ఆటోలో ఇంటికొచ్చారు. ముఖం ఇంతైపోయింది. ఏమైందండీ అంటే, మామూలు సర్వీసింగే అన్నారు. సర్వీసింగుకి మనిషి అన్నం మానేస్తాడా?”

“మామూలు సర్వీసింగే.”

“మరి కారు పేగులన్నీ కింద పరిచారే?”

“అయ్యి... సూడ్డానికి అలాగుంటాయి గానీ, ఏటీ లేదు.”

“చేతిలో అదేంటి?”

“గాలి ఫిల్టరు. ఇంజిన్లోకి దుమ్ము పోకుండా ఆపుతాది.”

“ఇంత నల్లగానా? మధ్యమధ్య ఎర్రగా కూడా ఉంది. భలే ఉంది బాబాయ్, మాడిన కారప్పొడిలా. ఒక ఫొటో తీసుకోనా?”

“ఫొటోలెందుకమ్మా. పారేసీదే.”

“ఒక్కటి. ఇలా పట్టుకోండి. ఆఁ. నాకీ కారంటే ఎంతిష్టమో మీకు తెలీదు. తలుపు వేస్తే దుప్ మని మెత్తగా పడుతుంది. వాన్లో అద్దాలు ఎత్తేసి బజ్జీలు తిన్నాం, రెండు రోజులు ఆ వాసన పోలేదు. మొన్న యారాడ కొండెక్కుతుంటే ఒక ముసలాయన మోపెడ్ మీద మమ్మల్ని దాటేసి, వెనక్కి తిరిగి చూసి మరీ వెళ్లాడు. నవ్వలేక చచ్చాను.”

“మీ ఆయన నవ్వినాడా?”

“లేదు. చెమటలు పట్టాయి ఆయనకి.”

“పట్టవా మరి. క్లచ్ అయిపోనాది. ఇంజిను అరుత్తాది, బండి కదల్దు.”

“మొత్తం ఎంతవుతుంది?”

“వారం పది రోజులు ఎలాగోలా నడిసీలా సెయ్యమన్నాడు.”

“నేనడిగింది ఎంతవుతుందని.”

“క్లచ్ సెట్టు, బేరింగుతో కలిపి పదారు వేలు. ముందు షాకబ్జర్లు ఆయిల్ కారతన్నాయి, జత తొమ్మిది. లింకు రాడ్లు, బుష్‌లు నాలుగు. బ్రేక్ పాడ్లు మూడు. ఏసీ కండెన్సర్ దుమ్ముతో మూసుకుపోనాది, ఎనిమిది. లేబరు ఏడు.”

“నలభై ఏడు.”

“నోటితోనే కూడీసినావే.”

“నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగులో చేశాను బాబాయ్. తప్పెక్కడుందో వెతకడమే పని. ఇంత త్వరగా క్లచ్ ఎందుకు పోతుంది?”

“ట్రాఫిక్కమ్మా. ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతువాక... మధురవాడ ఆఫీసుకి రోజూ పోయి రావాలి కదా. కాలు క్లచ్ మీదే ఉంటాది.”

“హైవే మీద పోతే ఫిల్టరు ఎర్రబడుతుందా?”

“దుమ్ము. ఊరంతా దుమ్మే.”

“నల్లది బొగ్గు, ఎర్రది ఇనుప ఖనిజం. మా నాన్నగారు ముప్పై ఏళ్లు స్టీల్‌ప్లాంటులో చేశారు. ఆయన చొక్కాలు ఉతికిన చేతులివి.”

“ఆ... గాలికి ఎక్కణ్ణించో...”

“హార్బరు గేటు దగ్గర్నించి. లారీల వెనక గంటలు గంటలు సగం క్లచ్ మీద పాకితే క్లచ్ పోదూ? ఓడలు దిగిన వాళ్లని, వాళ్ల పెద్ద పెద్ద బ్యాగుల్ని ఎక్కించుకుని ఎయిర్‌పోర్టులో దింపుతారు. ట్రిప్పుకి ఎనిమిది వందలు, డీజిలు ఆయనదే. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా. ఆఫీసు వేళలు.”

“నీకు... నీకు తెలుసా?”

“పెళ్లైన పదమూడో రోజు నుంచి. క్యారేజీ మర్చిపోయారని ఆఫీసుకి పట్టుకెళ్లాను. మూణ్నెల్ల కిందటే తీసేశారమ్మా అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్. మర్నాడు ఆటోలో ఆయన వెనకాలే వెళ్లాను.”

“హమ్మయ్య. గుండెల మీద బండ దించీసినావ్ తల్లీ. సెప్పీయరా, ఏటవుతాది అని నాను రోజూ మొత్తుకుంటన్నాను. ఇనడే. నువ్వు కట్టిన కేరేజీ మజ్జానం ఇక్కడికొచ్చే తింటాడు, ఆ బల్ల మీద. తిని, సాయంత్రం నీకేటి సెప్పాలో వల్లె ఏసుకుంటాడు.”

“వల్లె వేస్తారా? నిజంగానా?”

“నవ్వుతావేటమ్మా?”

“చెప్పండి చెప్పండి. మేనేజరు మూర్తిగారి గొంతు కూడా ఇక్కడే సాధన చేస్తారా? ఇంట్లో ముక్కుతో భలే మాట్లాడతారు.”

“ఆ మూర్తి గారనీవోడు లేడమ్మా.”

“లేరని తెలిసేగా భోజనానికి పిలవమన్నాను. ఒకసారి జ్వరం అన్నారు, ఇంకోసారి ఢిల్లీ అన్నారు. మూడోసారి తప్పించుకోలేక పాపం వాళ్లమ్మని చంపేశారు.”

“ఆ రోజు నాకు గుర్తే.”

“మేనేజరు తల్లి పోతే చూసి రాకపోతే ఎలా అని బలవంతంగా పంపాను. తిరిగొచ్చాక ఇంట్లోకి రానిస్తానా? శవాన్ని చూసి వచ్చిన మనిషి. పెరట్లో నిలబెట్టి నెత్తిన రెండు బకెట్లు పోశాను. జనవరి చలి. పళ్లు టకటకా కొట్టుకున్నాయి.”

“తల్లీ...”

“పదకొండో రోజు పెద్దకర్మ. ఆదివారం పడింది. పిలుపు రాలేదన్నారు. చావింటికి పిలుపేమిటండీ, మనమే వెళ్లాలి అని పొద్దున్నే పంపేశాను.”

“ఆ రోజు షెడ్డు మూసీసుంది. పొద్దున్నించీ ఆ అరుగు మీద కూకున్నాడంట. ఏదో పనిమీద మూడింటికి నానొచ్చి సూస్తే, మొకం పీక్కుపోయుంది. జేబులో టీ డబ్బుల్లేవు. అన్నీ నీకే ఇచ్చీస్తాడు కదా.”

“ఇస్తారు. ఒకటో తారీఖున జీతమని నా చేతిలో పెడతారు. నోట్లన్నీ డీజిలు వాసన. ఆ రోజు ఇంటికి రాగానే అడిగాను, గారెలు ఎన్ని వేశారండీ అని. మూడన్నారు. పరమాన్నంలో జీడిపప్పు ఉందా? ఉందన్నారు. అంత భోజనం చేసిన మనిషి రాత్రికేం తింటారులే అని ఆయనకి వండలేదు. ఎదురుగా కూర్చుని నేను పెరుగన్నం తిన్నాను, ఆవకాయ నంజుకుని. అబ్బ, ఆ పూట ఆ అన్నం ఎంత రుచిగా ఉందో చెప్పలేను.”

“నవ్వుతానే సెప్తన్నావ్.”

“నవ్వొస్తోంది కాబట్టి. రోజంతా సాయంత్రం కోసం ఎదురుచూస్తాను బాబాయ్. ఇవాళ ఆఫీసులో ఏమైందండీ అంటాను. గుటక మింగుతారు చూడండి, ఆ మొదటి గుటక. అది చాలు నాకు.”

“ఆడు సెడ్డోడు కాదమ్మా. తాగడు, తిరగడు.”

“చెడ్డవారని ఎవరన్నారు? పెళ్లిచూపుల్లో నేనొక్కటే అడిగాను, ఉద్యోగం మానను అని. నా జీతం చాలదా, నువ్వు హాయిగా ఇంట్లో ఉండు అన్నారు. అప్పటికి ఆయన్ని తీసేసి ఐదు వారాలు. నేను రాజీనామా పంపిన రోజు పూతరేకులు తెచ్చి, తన చేత్తో నా నోట్లో పెట్టారు. పండక్కి కొత్త బట్టలు కట్టుకున్న పిల్లలకి కూడా అంత సంబరం ఉండదు.”

“బయమమ్మా. నీ ఆఫీసూ ఆ మధురవాడ కొండ మీదే కదా. నువ్వక్కడే ఉంటే ఎవులో ఒకలు నీకు సెప్పీస్తారని బయం. సంబందం తప్పిపోద్దని బయం.”

“ఉద్యోగం పోయిందని చెప్పుంటే నా జీతంతో ఇల్లు నడిపేదాన్ని. అప్పుడు నా ఉద్యోగమైనా మిగిలేది.”

“సరే. తప్పే. ఇప్పుడైనా నీకు తెలుసని ఒక్క మాట అనీయ్. నిన్న నువ్వు కూకున్న ఆ కుర్చీలోనే కూకొని ఏడ్సినాడు. బండి వారం ఆగితే ట్రిప్పులు ఏరేవోడికి ఎల్లిపోతాయి. మరింకేటి సెయ్యాలో తెలీదన్నాడు.”

“ఏడ్చారా?”

“ఏడ్సినాడు.”

“ఎంతసేపు?”

“అదేం మాటమ్మా?”

“ఊరికే అడిగాను. మీ స్కానర్ బోర్డు ఏదీ, డబ్బు కట్టడానికి?”

“ఏటి?”

“మొత్తం నలభై ఏడు వేలూ కట్టేస్తాను. నా పీఎఫ్ డబ్బులొచ్చాయి. వారం నడిచేలా కాదు, లక్ష కిలోమీటర్లు నడిచేలా చెయ్యండి. ఒక్క వస్తువు కూడా పాతది వెయ్యకూడదు. ఏసీ చల్లగా రావాలి.”

“నిజంగానే?”

“ఇదిగో, వెళ్లింది. చూసుకోండి.”

“వచ్చినాది. వచ్చినాది తల్లీ. నా నోరు పడిపోను, నిన్నేటో అనుకున్నాను. కడుపులో కోపముంటే మాటల్లో తీర్సుకున్నావ్, అంతే. మొగుడి కష్టం సూడలేకే కదా ఇంత దూరం వచ్చావ్. ఆడదంటే నువ్వమ్మా. నువ్వే కట్టినావని సెప్పనా?”

“తప్పకుండా చెప్పండి. సోమవారం పొద్దున్నకి బండి వాకిట్లో ఉండాలి.”

“ఆదోరం సాయంత్రానికే తెచ్చి పెడతాను. సోమారం తొమ్మిదింటికల్లా దర్జాగా హార్బరుకి పోతాడు.”

“హార్బరుకి ఎందుకు బాబాయ్? నాకు ఉద్యోగం వచ్చింది, ఆయన రోజూ వెళ్తున్నానని చెప్పే ఆఫీసులోనే. సోమవారం నుంచి ఇద్దరం ఈ కార్లోనే వెళ్లి, ఆయన చెయ్యి పట్టుకుని గేటు లోపలికి నడుస్తాను.”