కొత్త ఊపిరిగొట్టం

ఆసుపత్రిలో కొత్త ఆపరేషన్లకు అనుమతినిచ్చే కమిటీ అధ్యక్షురాలి గది. ఆమె కూడా సర్జనే. ఎదురుగా ఆమె తమ్ముడు; అతనూ ఆ ఆసుపత్రిలోనే సర్జన్.

"సంతకం పెట్టను. ఇంకోసారి అడిగావంటే ఈ అనుమతి కాగితం చించి నీ చేతిలో పెడతాను."

"పూర్తిగా చదువక్కా."

"చదివాను. బస్సు కండక్టరమ్మ, ముప్పై నాలుగేళ్లు. నెల్లాళ్లు వెంటిలేటర్ మీద ఉంటే శ్వాసనాళం మచ్చకట్టి మూసుకుపోయింది. ఎంత మేర?"

"రెండున్నర సెంటీమీటర్లు."

"అంతేనా! పాడైన ముక్క కోసేసి రెండు కొసలూ కలిపి కుడితే పోయేదానికి, మొత్తం పీకి ప్లాస్టిక్ గొట్టం పెడతావా?"

"కోసి కుట్టడం అందరూ చేసేదే అక్కా."

"అందుకేగా రోగులు లేచి ఇంటికెళ్తున్నారు."

"ఇది ఉత్త ప్లాస్టిక్ కాదు. ఆమె ఎముక మూలుగలోంచి తీసిన కణాలు పూస్తాం. అవే పెరిగి..."

"పెరిగి పూలు పూస్తాయా? వాటికి రక్తం ఎక్కణ్ణుంచి అందుతుందిరా?"

"చుట్టూ ఉన్న కండలోంచి, మెల్లిగా..."

"మెల్లిగా! ఈలోపు కుళ్లితే? లోపలి పొర లేకపోతే కఫాన్ని పైకెవరు తోస్తారు, నువ్వా?"

"ఎగతాళి చెయ్యకు."

"చెయ్యక? మేకల మీద చేశానని రాశావు. ఎన్ని?"

"రెండు."

"ఎలా ఉన్నాయి?"

"ఒకటి పద్దెనిమిది రోజులు బాగా మేసింది."

"మేసి?"

"పోయింది."

"రెండోది?"

"అది... అంతకాలం లేదు."

"శభాష్! ఇక్కడేమో 'ఫలితాలు ఆశాజనకం' అని రాసుకున్నావు. మేకల్ని అడిగావా? టీవీ వాళ్లని కూడా పిలిచావటగా?"

"వాళ్లే వచ్చారు."

"వస్తారు, వస్తారు. కొత్త కోటు కుట్టించుకున్నావని మరదలు చెప్పిందిలే. కోసి కుడితే సరిపోతుందని ఆ కండక్టరమ్మకి చెప్పావా?"

"కొత్త పద్ధతి ఉందని చెప్పాను."

"పాతది ఉందని?"

"అక్కా, అరవకు."

"అరుస్తాను. రేపు పొద్దున ఆమెని నా వార్డుకి పంపు. నేనే కుడతాను."

"రేపు... కుదరదు."

"ఏం, ఎందుకు కుదరదు?"

"ఉండు, తలుపేసి వస్తాను."

"తలుపెందుకురా? చెప్పు."

"ఆ గొట్టం సోమవారమే పెట్టేశానక్కా. కుట్లు ఊడిపోతున్నాయి, ఆమెకి ఊపిరి అందట్లేదు. కాగితం సంగతి వదిలెయ్, ముందు థియేటర్‌కి రా."