ఖాళీ చేసి పెట్టు

నా పేరు, చిరునామా పై పట్టికలో రాసుకున్నారు. ఇంట్లో నన్ను అమ్మలు అంటారు. వయసు ఇరవై. కంప్యూటర్ కోర్సు రెండో సంవత్సరం చదువుతున్నాను. వృత్తి ఏమిటని అడిగారు. చదువే.

మీరు బుధవారం అరెస్టు చేసిన స్కాన్ సెంటర్ స్టోర్‌కీపర్ మా నాన్నకు సొంత తమ్ముడు, నాకు బాబాయి. పెళ్ళి చేసుకోలేదు. మాతోనే, ముందు గదిలో ఉంటాడు. నాన్న లారీ మీద తిరుగుతారు కాబట్టి నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండే మగమనిషి బాబాయే. ఈ వాంగ్మూలం ఇమ్మని నన్ను ఎవరూ అడగలేదు. ఇవ్వొద్దన్నవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు అమ్మ, ఒకరు బాబాయి.

స్కాన్ సెంటర్ డిస్కులను తానే తుడిచేశానని బాబాయి మీకు చెప్పాడు. అది అబద్ధం. బాబాయికి డిస్కు తుడవడం రాదు. మౌసును బొద్దింకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుంటాడు. కావాలంటే ఇప్పుడే ఆయన ముందు ఒక కంప్యూటర్ పెట్టి చూడండి.

జరిగింది మొదటి నుంచి చెబుతాను.

మా కోర్సులో ఈ ఏడాది వర్చువల్ మెషిన్ల మీద ప్రాజెక్టు ఉంది. ఒక కంప్యూటర్ లోపల చాలా కంప్యూటర్లు ఉన్నట్టు నడిపించడం అన్నమాట. ఒక్కొక్కటి తనే అసలు కంప్యూటర్ననుకుంటుంది. దాన్ని పాడుచేసినా బయట ఏమీ కాదు, మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. ఇంట్లోనే నేర్చుకుందామని ఒక ఆఫీసు వాళ్ళు తీసేసిన పాత కంప్యూటర్ తెచ్చుకున్నాను. దాన్ని ముందు గది కిటికీ కింద పెట్టాను. మెమరీ సరిపోయింది. డిస్కు సరిపోలేదు. రెండు మెషిన్లు పెట్టగానే నిండిపోయింది. కొత్త డిస్కులు కొనే స్తోమత మాకు లేదు. పాతవి దొరుకుతాయని రిపేరు షాపులున్న వీధికి వెళ్ళాను. షాపతను చూపించిన డిస్కు అప్పటికే యాభై ఒక్క వేల గంటలు తిరిగింది. అంటే దాదాపు ఆరేళ్ళు నిద్ర లేకుండా. వద్దని వచ్చేశాను.

ఈ నెల 5వ తేదీ శుక్రవారం సాయంత్రం ఏడు గంటలకు భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పాను.

బాబాయి అన్నాడు: "డిస్కులంటే ఆ ఇనుప పెట్టెల్లాంటివేనా? మా స్టోరులో నాలుగు ఖాళీగా పడున్నాయి."

"ఖాళీగానా?"

"ఏడాది నుంచి అలమారాలోనే ఉన్నాయి. కొత్త మిషను వచ్చాక వాటి మొహం చూసినవాడు లేడు. నీ ప్రాజెక్టు అయ్యేదాకా వాడుకుని ఇచ్చెయ్యి."

అమ్మ అంది: "మీ డాక్టరు గారిని అడగవా?"

"అడుగుతాలే వదినా. దానికేం."

అడిగాడో లేదో నాకు తెలియదు. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

6వ తేదీ శనివారం సాయంత్రం ఐదున్నరకు నాలుగు డిస్కులు టిఫిన్ డబ్బా సంచీలో తెచ్చాడు. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే సైజు. నాకు కావలసింది సరిగ్గా అదే. రబ్బరు బ్యాండు వేసి ఉంది. చీటీ ఏదైనా అంటించి ఉందా అని అడిగారు. లేదు.

7వ తేదీ ఆదివారం ఉదయం ఎనిమిదింటికి పని మొదలుపెట్టాను. ఆ కంప్యూటర్ పెట్టెలో ఒక్క డిస్కుకే చోటుంది. అందుకని వంటింట్లో పళ్ళాలు నిలబెట్టే స్టాండు తెచ్చి, పెట్టె పక్కన పెట్టి, పళ్ళాల సందుల్లో డిస్కులు నిలబెట్టాను. వేడెక్కకుండా ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాను.

"నా పళ్ళాలు ఎక్కడ పెట్టుకోను, నీ కంప్యూటర్ నెత్తినా?" అంది అమ్మ.

ఈ వివరం ఎందుకు చెబుతున్నానంటే, ఆ స్టాండు ఇప్పటికీ ముందు గదిలోనే ఉంది. మీవాళ్ళు సోదాకు వచ్చినప్పుడు అదేమిటని అడిగారు. అమ్మ తెలియదంది. అమ్మకు తెలుసు.

ఉదయం 8:50కి మొదటి డిస్కు తెరిచి చూశాను. అందులో తొంభై రెండు శాతం నిండి ఉంది. తేదీల పేర్లతో ఫోల్డర్లు, వాటిలో నంబర్లు. ఒకటి తెరిచాను. బూడిద రంగు బొమ్మ వచ్చింది. మనిషి ఛాతీని అడ్డంగా కోసి పైనుంచి చూసినట్టుంది. మూలన '41, పురుషుడు' అని ఉంది. మూసేశాను.

మిగతా మూడూ తెరవలేదు.

ఇక్కడ నేను ఆగి ఉండవలసింది. బాబాయి పక్కనే, అదే గదిలో మంచం మీద పేపరు చదువుతున్నాడు. నాకూ ఆయనకూ మధ్య నాలుగడుగులు. వీటిలో మనుషుల స్కాన్లున్నాయి బాబాయి, అంటే సరిపోయేది. అంటే డిస్కులు వెనక్కి వెళ్ళిపోయేవి. అందుకని అనలేదు. ఖాళీగా ఉన్నాయని ఆయనే అన్నాడు కదా అనుకున్నాను.

మా ఇంట్లో ఆ మాట ఎలా వాడతామో నాకు తెలుసు. బాబాయి మంచం మీద పడుకుని ఉంటే అమ్మ "ఖాళీగానే ఉన్నావుగా, బల్బు మార్చు" అంటుంది. బాబాయి లోపల ఏమీ లేదని కాదు, ఊరికే ఉన్నాడని. డిస్కులు కూడా ఊరికే ఉన్నాయనే ఆయన చెప్పాడు. నాకు లోపల ఏమీ లేదన్న అర్థం కావాలి. అదే తీసుకున్నాను.

పాత డిస్కులు తెచ్చుకున్నప్పుడు మొదట వాటిని పరీక్షించాలి. డిస్కు మొదలు నుంచి చివర దాకా ప్రతి చోటా కొత్తగా రాసి, రాసింది మళ్ళీ చదివి చూడాలి. ఎక్కడైనా చదవలేకపోతే ఆ డిస్కు పనికిరాదు. అలా రాస్తే అంతకు ముందున్నది పోతుంది. పోతుందని నాకు తెలుసు. ప్రోగ్రాం కూడా చెబుతుంది. ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని అడుగుతుంది. ప్రతి డిస్కుకూ విడిగా అడుగుతుంది. అవును అని టైపు చేయాలి. నాలుగుసార్లు చేశాను. మొదటిది 9:10కి, చివరిది 9:16కి. ఆ ఆరు నిమిషాల్లో ఎప్పుడైనా ఆపవచ్చు. మొదటి డిస్కు దగ్గరే ఆపి ఉంటే మిగతా మూడూ ఉండేవి.

సాయంత్రం ఆరున్నరకు పరీక్ష పూర్తయింది. నాలుగు డిస్కులూ గట్టివే. ఒక్క లోపం కూడా లేదు.

తర్వాత వాటిని రెండు జంటలుగా కట్టాను. జంటలో ఒకటి ఏది రాసుకుంటే రెండోది కూడా అదే రాసుకుంటుంది. ఒకటి చెడిపోయినా రెండో దాంట్లో ఉంటుంది. నా మెషిన్లకు రెండేసి ప్రతులు ఉండాలని పట్టుదల. వాటిలో ఏమీ లేదు. ఉత్త పరీక్ష మెషిన్లు.

8వ తేదీ సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు కాలేజీలో ల్యాబు మేడంకు నివేదిక ఇచ్చాను. నాలుగు డిస్కుల ఫొటో, వాటి మీది నంబర్లు, పరీక్ష ముగిసిన సమయం అందులో ఉన్నాయి. పై పేజీ మీద కాలేజీ ముద్ర, తేదీ ఉన్నాయి. తెప్పించుకుని చూడండి. కోర్టు నోటీసు స్కాన్ సెంటర్‌కు సోమవారం మధ్యాహ్నం రెండింటికి అందిందని మీరే చెప్పారు. అప్పటికి ఆ స్కాన్లు పోయి ఒక రోజయింది. నోటీసు చూసి సాక్ష్యం చెరిపేశాడని బాబాయి మీద మీరు పెట్టిన నేరం అందుకే నిలవదు.

ఇక మీ దగ్గరున్న మెసేజి గురించి. 9వ తేదీ మంగళవారం మధ్యాహ్నం 12:15కి బాబాయి నా ఫోనుకు పంపాడు. మీరు చదివి వినిపించిన మాటలు అవే: "ఆ నాలుగూ ఖాళీ చేసి పెట్టు. సాయంత్రం పట్టుకెళ్ళాలి." దాన్ని తుడిచెయ్యమని ఇచ్చిన ఆజ్ఞగా రాసుకున్నారు. మేము ఇప్పటికి మూడు అద్దె ఇళ్ళు ఖాళీ చేశాం. ఖాళీ చేయడమంటే మన సామాను మనం తీసుకుని తాళం చెవులు ఇచ్చెయ్యడం. ఇల్లు కూల్చడం కాదు. నీ సామాను తీసుకుని వాళ్ళవి వాళ్ళకిచ్చెయ్యి అని బాబాయి చెప్పాడు. డిస్కు కూడా అలమారా లాంటిదే అనుకున్నాడు. ఉన్నవాటిని పక్కకు జరిపి నావి పెట్టుకుని ఉంటాననుకున్నాడు.

నేను "సరే" అని జవాబిచ్చాను. నా ఆరు మెషిన్లు తీసేశాను.

సాయంత్రం ఐదున్నరకు బాబాయి వచ్చాడు. చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. బస్సు కోసం ఆగకుండా నడిచి వచ్చానన్నాడు. అప్పుడు చెప్పాడు. బట్టలు కుట్టే ఒకామె కేసు వేసింది. భర్తకు స్కాన్ తీసి ఏమీ లేదని రిపోర్టు ఇచ్చారు. నాలుగు నెలలకు ఆయన చనిపోయాడు. ఆమెకిచ్చిన ఫిల్ము మీద పన్నెండు బొమ్మలే ఉన్నాయి. మూడు వందలు తీస్తారు. అవన్నీ పట్టుకు రమ్మని కోర్టు అడిగింది.

"వాటిలో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయిగా అమ్మలూ?"

నేను "ఉన్నాయి" అన్నాను.

"అన్నీ?"

"అన్నీ."

"హమ్మయ్య. మా డాక్టరు పోతే పోనీ, ఆమెకు న్యాయం జరగాలి."

డిస్కులకు రబ్బరు బ్యాండు నేనే వేసి ఇచ్చాను. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మకు ఆదివారం సంగతి తెలుసు. నేనే చెప్పాను. ఉన్నాయి అని ఎందుకన్నానని అడిగారు. బాబాయి నా ఎదురుగా నిలబడి ఉన్నాడు, అందుకని. ఇంతకన్నా కారణం చెప్పలేను. రాత్రంతా ఆలోచించి చెప్పిన మాట కాదు. అడిగాడు, అన్నాను.

10వ తేదీ బుధవారం అందరి ముందూ డిస్కులు తెరిచారట. ఏమీ లేదట. బాబాయికి ఆ క్షణమే తెలిసి ఉంటుంది. అక్కడికక్కడే "నేనే తుడిచాను" అన్నాడట. నిన్న ఇక్కడ కలవనిచ్చినప్పుడు ఆయన నాతో అన్నమాటలు ఇవి:

"నువ్వు నోరు మూసుకుని పరీక్షలు రాసుకో. నాకు పెళ్ళామా పిల్లలా. లోపల తిండి కూడా పెడతారట."

"తెలిసే తుడిచాను బాబాయి."

"వినపడలేదు."

"ఆ బొమ్మ చూశాకే తుడిచాను."

"వినపడలేదన్నానా. చెవిటివాణ్ణి. వెళ్ళు, మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది."

ఈ రోజు 12వ తేదీ శుక్రవారం. ఉదయం పదిన్నరకు బయట బల్ల మీద కూర్చున్నప్పుడు ఒకామె వచ్చి నా పక్కన కూర్చుంది. మెడలో కొలత టేపు ఉంది.

"నువ్వేనా అమ్మా ఆ స్టోరాయన ఇంటి అమ్మాయివి? కంప్యూటర్లు చదువుతావట."

"అవునండీ."

"నిన్నొకటి అడగనా? తుడిచేస్తే అసలేం మిగలదా? బట్ట ఎంత ఉతికినా మరక జాడ ఉంటుంది కదా."

"ఇందులో ఉండదండీ. ఉన్నదాని మీదే వేరేది రాసేస్తుంది."

"ఒక్క బొమ్మ కూడానా?"

"లేదండీ."

నా డ్రెస్సు కుడి చేతి అంచు దగ్గర కుట్టు ఊడి దారం వేలాడుతోంది. ఆమె దాన్ని పట్టుకుని, ముడి వేసి, పంటితో కొరికి తెంపింది. "లాగితే అంతా ఊడొస్తుంది, లాగకు" అంది. తర్వాత లోపలికి పిలిచారని వెళ్ళింది.

తుడిచింది నేనేనని ఆమెకు చెప్పలేదు. స్టోరాయన ఇంటి అమ్మాయినని మాత్రమే ఆమెకు తెలుసు.

ఆదివారం నేను చూసిన నలభై ఒక్క ఏళ్ళ మనిషి ఆమె భర్తో కాదో నాకు తెలియదు. ఇక ఎవరూ తెలుసుకోలేరు.

ఇంతవరకు రాసింది ఇన్‌స్పెక్టర్ గారు నాకు చదివి వినిపించారు. ఒక చోట "ఆదివారం నాడు సదరు డిస్కులు తుడిచివేయబడినవి" అని ఉంది. అది నా మాట కాదన్నాను. అర్థం ఒకటేనమ్మా అన్నారు. కాదండీ అన్నాను. ఇలా ఉంటే ఎవరు తుడిచారన్నది రేపు కోర్టులో మేము నిరూపించుకోవాలి, నువ్వన్నట్టు రాస్తే ఇక నిరూపించేదేమీ ఉండదు, బయటికెళ్ళి మీ అమ్మతో ఒకసారి మాట్లాడి రా అన్నారు. అమ్మ ఏమంటుందో తెలుసన్నాను. పెన్ను నాకిచ్చారు. ఆ వాక్యం నేనే కొట్టేసి, పైన నా చేత్తో రాసి, పక్కన పొట్టి సంతకం చేశాను.

ఇందులో ఉన్నది నేను చూసింది, నేను చేసింది. ఎవరి భయానికీ, ఎవరి మీద ప్రేమకూ కలిపి చెప్పింది లేదు. మొత్తం విని, సరిగ్గా ఉందని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

సంతకం
12వ తేదీ, శుక్రవారం, మధ్యాహ్నం 1:40

కొట్టివేతలు: ఒక వాక్యం. చేర్పులు: మూడు మాటలు, సాక్షి స్వహస్తంతో. "ఆదివారం నేను తుడిచాను."